ఆకాశంలో వంగిన పోలు

మార్కండేయ నోరు తెరిచాడంటే ఎల్లారెడ్డి బస్టాండు పక్క హోటల్లో గంగామణి రెండోసారి చాయకు నీళ్లు పెట్టాల్సిందే. కరెంటు పోళ్లు పాతే కాంట్రాక్టరు ఆయన. పోళ్లు జానెడు లోతున, మాటలు నిలువు లోతున పాతుతాడని పేరు. అది రెండువేల పదమూడు ఎండాకాలం. బెంచీ నిండా జనం, నెత్తిన తిరిగీ తిరగని ఫ్యాను, ఆయన చేతిలో చాయ గిలాస.

బెంచీ చివర సునీల పళ్లు బిగించుకుని కూర్చుంది. పక్కన తండ్రి తారాసింగ్. వాళ్ల తండా తొవ్వలో పోలు వంగిపోయి తీగలు కిందికి వేలాడుతున్నాయి. గడ్డిమోపు ఎత్తుకొచ్చే ఆడవాళ్లు అక్కడికి రాగానే మోపు దించి, నడుము వంచి, మోపును ఈడ్చుకుంటూ తీగ కింద నుంచి దాటాలి. వానలు మొదలైతే తడిసిన మనిషికీ తీగకూ మధ్య ఉండేది గాలి మాత్రమే. ఆ పోలు నిలబెట్టే పని మార్కండేయదే. అడిగినప్పుడల్లా "రేపు" అన్నాడు. ఇవాళ మాత్రం "చాయ తాగినంక మాట్లాడుదం" అన్నాడు. ఆ చాయ అయ్యేలా లేదు.

"ముందుగాల్ల చిన్న ముచ్చటనే," అని అందుకున్నాడు మార్కండేయ. "పోలు దిక్కు ఒక్కసారి జూస్తే చాలు, దారం వద్దు గుండు వద్దు, ఎటు ఎంత వంగిందో చెప్పేస్త. గది తెల్సే గీ చెల్లె మా ఇంటికొచ్చింది. అన్నా, ఆకాశంల ఒక రాయి తిరుగుతున్నది, దాని పోలు ఎటు వంగిందో కంప్యూటర్ల లెక్క గడుతున్న, తెగుత లేదు అన్నది. గీడ్నే ఉన్నది, అడుగుండ్రి!"

అందరూ సునీల వైపు తిరిగారు. ఆమె ముఖం భగ్గుమంది.

ఆమె వెళ్లింది తండా పోలు కోసం. కామారెడ్డి డిగ్రీ కాలేజీలో ఆమె చేస్తున్న ప్రాజెక్టు ఒక గ్రహశకలం మీద. బొప్పాయిలా పొడుగ్గా ఉండి గిరగిరా తిరిగే రాయి అది. వెడల్పు వైపు మనకు తిరిగితే వెలుగు పెరుగుతుంది, మొన వైపు తిరిగితే తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గుల్ని సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే, రాయి ఎంతసేపటికి ఒక చుట్టు తిరుగుతుందో, దాని ధ్రువం ఎటు చూస్తోందో ఒక్కో దిక్కునూ సరిచూసి చెబుతుంది. అందుకు కంప్యూటరు రోజుల తరబడి ఆగకుండా నడవాలి. కాస్త గాలి కొడితే చాలు, తండాలో తీగలు ఒకదానికొకటి తగిలి కరెంటు పోయేది. లెక్క మళ్లీ మొదటికొచ్చేది. ఆ సంగతే ఆయనకు చెప్పింది. క్లాసులో అలవాటైన నోటితో ధ్రువాన్ని 'పోల్' అంది. ఆయన చెవిన పడింది సిమెంటు పోలు.

ఇంకో రోజైతే కడుపు పట్టుకుని నవ్వేది.

"ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? నేనే కూసున్న కంప్యూటర్ ముంగట. రాయి వెలుగు ఎక్కువైతది, తక్కువైతది, మళ్ల ఎక్కువైతది, మళ్ల తక్కువైతది. పెద్ద పెద్ద సైంటిస్టులు నెత్తులు పట్టుకున్నరట. నేను జూసిన, నవ్విన. ఇది లూజు కాంటాక్టు రా బయ్ అన్న!"

"లూజు కాంటాక్టా?" గంగామణి గంటె ఆగింది.

"మరేంది గంగక్కా? ఇగ అసలు ముచ్చట ఇను. సాఫ్ట్‌వేర్ రెండు పోళ్లు చూపెట్టింది. ఒకటి గిటు, ఒకటి దానికి ఎదురుంగ అటు. అసలుది ఏదో దానికి తెల్వది. నాకు తెల్వదా? రెండోది ఉత్తగ బిల్లు కోసం రాసుకున్న పోలు! ఆకాశంల సుత కాంట్రాక్టర్లు ఉంటరు గదా!"

హోటలంతా గొల్లుమంది. సునీల నవ్వలేదు. రెండు పోళ్ల మాట ఆమె చెప్పిందే. ఒక్కోసారి లెక్క రెండు దిక్కులకూ సరిపోతుంది, అసలుది ఒకటే, తేల్చాలంటే మళ్లీ ఇంకోసారి ఆకాశం చూడాలి. అంత చెబితే ఈయనకు మిగిలింది బిల్లు.

"వంగినదాన్ని ఊకే ఇడుస్తనా? నిజాంసాగర్ కట్ట మీద నిలబడి, పోలు పడకుంట గుంజి కట్టే స్టే వైరు ఇసిరిన. పోయి పోయి రాయికి తగులుకున్నది. ఒక్కచేత్తో గుంజిన!"

"ఇంకో చేయి ఏం జేస్తున్నదే?" అన్నాడు బెంచీ మీది ముసలాయన.

"చాయ గిలాస పట్టుకున్నది బాపూ. పోలు నిలవడ్డది. అంతకుముందు ఆ రాయి ఆరు గంటలకొక చుట్టు తిరుగుతుండె. ఒక్క దినానికి నాలుగుసార్లు పొద్దు పొడుస్తుండె. ఆడి కోళ్లు కూసి కూసి గొంతులు పోయి ఉన్నయ్. స్టే బిగిస్తే తిరుగుడు తగ్గింది. కోళ్లు హాయిగ పండుకున్నయ్."

"రాయి మీద కోళ్లా?"

"కోళ్లు లేంది ఊరెట్లయితది? ఇంకోటి ఇనుండ్రి. మన భూమి పోలు సుత వంగే ఉన్నది, బడి పుస్తకంల జూస్కోండ్రి. దాని టెండరు సుత నాకే వచ్చింది. నేనే వద్దన్న. అది నిలవెడితే వానకాలం పోతది, ఎండకాలం పోతది. మరి మన రైతులు ఏం గావాలె? రైతుల మొకం జూసి ఇడిసిపెట్టిన!"

రైతుల మొకం! నిన్న పొద్దుగూకే వేళ తల్లి నీల తీగ కింద వంగి నడుస్తుంటే కొంగు గాలికి పైకి లేచింది. సునీల పరుగెత్తి ఆ కొంగు గుంజి పట్టుకుంది.

లేచి నిలబడింది.

"అన్నా, నాదొక లెక్క తెగుత లేదు."

"చెప్పు చెల్లె! గిందుకే గదా నేనున్నది."

"మా తండాకు గూడ రెండు పోళ్లు దొరికినయ్. ఒకటి నీ నోట్ల నిలువుగ ఉన్నది. ఇంకోటి మా తొవ్వల వంగి ఉన్నది. రెండిట్ల అసలుది ఏది? బిల్లు కోసం రాసుకున్నది ఏది?"

ఇంతసేపూ నవ్విన జనం కళ్లన్నీ మార్కండేయ మీదికి మళ్లాయి.

"అది గాదు చెల్లె... లేబర్ దొరుకుత లేరు... క్రేన్ నిజామాబాద్ దిక్కు పోయింది..."

అప్పటిదాకా పలకని తారాసింగ్ తువాలు భుజాన వేసుకుని లేచాడు. "ఆకాశంల దాన్ని ఒక్కచేత్తో గుంజినవ్ గద సాబ్. మా దానికి రెండు చేతులు వెట్టు."

"గిలాస గిటియ్యి," అంటూ గంగామణి వచ్చి ఆయన చేతిలోది లాక్కుంది. "ఇగ రెండు చేతులు ఖాళీగున్నయ్. లేవ్!"

బెంచీ మొత్తం లేచింది. ఆటో వచ్చింది. అందులో ఎక్కించేసరికి మార్కండేయ తనంతట తానే ఫోను తీశాడు. నిజామాబాద్ దిక్కు పోయిన క్రేన్ ఒక్క ఫోనుకే పక్క వీధిలోంచి బయల్దేరింది.

ఊరు దాటాక ఆయన గొంతు తగ్గించి సునీల వైపు వంగాడు. "నిజం చెప్పు చెల్లె. గా రాయి మీద పోలు ఉన్నదా, లేదా?"

"లేదన్నా. అది మనం అనుకునే గీత. అది ఎంత వంగినా ఎవ్వల మీద పడది."

ఆటో తండా తొవ్వలో ఆగింది. ముందు తీగలు వేలాడుతున్నాయి. ఇవతల ఒక ఆడమనిషి మోపు దించి, దాటడానికి నడుము వంచుతోంది.

"దిగు," అంది సునీల. "క్రేన్ వచ్చేదాక గామె మోపు నువ్వు ఈడ్చు."

మార్కండేయ తీగ వంక చూశాడు. మోపు వంక చూశాడు. వంగాడు.