మానేసిన బిళ్ల

తణుకులో డాక్టరు మురళీకృష్ణ గది. రైతు సత్తియ్య బల్లకు ఇటువైపు కూలబడ్డాడు. భార్య సూరమ్మ అతని వెనక నిలబడింది.

“మానేశావా? ఎవరినడిగి మానేశావు సత్తియ్యా?”

“నా కాళ్లనడిగి మానేశానండి. ఆ కొలెస్ట్రాల్ బిళ్ల మొదలెట్టిన నెలకే పిక్కలు పిండేసినట్టు నొప్పులండి. మీకు చెబితే వయసన్నారు.”

“అరవై దాటాక నొప్పులు రాక పెళ్లి సంబంధాలొస్తాయా?”

“మా పాలేరు రాముడు నాకంటే నాలుగేళ్లు పెద్దండి. గట్ల మీద ఉరుకుతాడు.”

“వాడికి పోయినేడు గుండెపోటొచ్చిందా? నీకొచ్చింది. ఎన్నాళ్లైంది మానేసి?”

“రెండు నెలలండి.”

“మరి తగ్గాయా నొప్పులు?”

“అంటే... ఏంటంటేనండి...”

“తగ్గాయా, లేదా?”

“లేదండి. ఎక్కువయ్యాయి. పీట మీంచి లేవాలంటే గోడ పట్టుకోవాలి.”

“అదీ సంగతి. బిళ్ల వల్లైతే మానేసిన కొన్ని వారాలకే తగ్గాలి. తప్పు బిళ్లది కాదు, నీ బుర్రది. మళ్లీ మొదలెట్టు. ఈసారి డోసు పెంచి రాస్తాను.”

“రాయండి, రాయండి. మింగేది మీరు కాదు కదండి.”

“ఏమ్మా సూరమ్మా, నువ్వైనా చెప్పవేం?”

“నేనేం చెబుతానండి. చంటిపిల్లాడైతే ముక్కు మూసి పోసేదాన్ని.”

“చూశారా, ఇంటిదానిక్కూడా లోకువైపోయాను. ఇంక నా వల్ల కాదండి. బురదలో దిగితే కాలు పైకి రావట్లేదు. పక్క చేను ఏసురాజుని రేపు రమ్మన్నాను. ఈ సార్వా పంట నుంచీ పొలం కౌలుకి చేసుకుంటాడు.”

“కౌలుకా? మన మూడెకరాలూనా?”

“నడవలేనోడికి పొలమెందుకే? గట్టున కుర్చీ వేసుకుని కూర్చోడానికా?”

“మీరుండండి. డాక్టరు గారండీ, ఆ చీటీ ఆపండి.”

“నువ్వూ మొదలెట్టావా సూరమ్మా?”

“మానేసినా తగ్గలేదు కాబట్టి బిళ్ల వల్ల కాదన్నారు కదండి?”

“అన్నాను. అయితే?”

“ఆయన మానలేదండి. మా గేదెకి మందు బెల్లంలో పెట్టి మింగిస్తాను. అలాగే ఈయన బిళ్ల కూడా నూరి, బెల్లంతో రాత్రి పెరుగన్నంలో కలిపేస్తున్నాను. మీరు రాసినట్టే, రోజుకొకటి. రెండు నెలల్లో ఒక్క పూటా తప్పలేదండి.”