సందు లేకుంట కూసున్న పన్ను

“తాతా, నువ్వు పండ్ల డాక్టరమ్మనే పరేషాన్ చేసినవంట గద! చెప్పు, ఫోన్ల రికార్డ్ పెట్టిన.”

పెట్టినవా? ఆగు, యాదికొస్తెనే నవ్వొస్తుంది. నవ్వి నవ్వి చెప్పలేకపోత మల్ల.

నా ఎడమదిక్కు దౌడ పండ్లు ఎప్పుడో పోయినయ్ బిడ్డా. తంబాకు తిన్న గద. ఇగ కుడిదిక్కు నడుమది ఒకటి పోయింది, మూడేండ్ల కింద... కాదు కాదు, నాలుగు. మీ అన్న దుబాయ్ పోయిన యాడాది. ఇగ ఏం నములుత? మెత్తటి బువ్వ, పప్పు, గంతే.

ఎవ్వలికి చెప్పలే. మా రాజక్కకైతె అసలే చెప్పలే. సుల్తానాబాద్ల ఉంటది చూడు, నాకంటె ఆరేండ్లు పెద్ద. మా అవ్వ సచ్చిపోయినంక నన్ను సాదింది ఆమెనే. తంబాకు ముట్టనని నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నది. నేను చాటుకు తినుకుంట, బంద్ చేసిన అని అబద్ధం చెప్పిన. పన్ను పోయిందంటె దొరికిపోత గద! అందుకే అక్క సకినాలు పంపితె, “డాక్టర్ నూనెయి వద్దన్నడు” అని వాపస్ పంపుడు. ఒకసారి గాదు, మూడుసార్లు. ‘నా చేతి తిండి వీనికి సైతలేదు’ అనుకున్నదట ఆమె. ఫోన్ బంద్ చేసింది. ఏడాది మాట్లాడలే బిడ్డా, ఏడాది!

అప్పుడు సిగ్గనిపిచ్చింది. తంబాకు నిజంగనే ఇడ్సిపెట్టిన. గీన్నే కాగజ్‌నగర్ల డాక్టరమ్మ తానకు పోయిన. నీ ఈడుదే ఉంటది, మంచి పోరి. పోయిన పన్నుకు అటొకటి ఇటొకటి ఉన్నయ్ గద, గా రెండిటిని అరగదీసి, అచ్చు తీసి పండ్లు తయారుచేసేటోళ్లకు పంపింది. పింగాణీ బ్రిడ్జి ఒచ్చింది. రెండు పండ్ల మీద టోపీల లెక్క కూసుంటది, నడుమ కొత్త పన్ను. పెట్టి చూసి, “మంచిగున్నది తాతా, సిమెంట్ పెట్టనా?” అన్నది.

నేను నాలుకతోటి తడిమిన. “లే మేడం, ఎనక సందున్నది.”

“సూది పెట్టి చూసిన, ఏం దొర్కలే.”

“ఉన్నది. నోట్‌బుక్కు అట్టంత ఉన్నది!”

ముప్పై ఏండ్లు కాయితాల మిల్లుల నేనేం చేసిన మరి? కాయితం ఏళ్ల నడుమ పట్టి మందం చెప్పుడే నా పని. ఆమె కోపానికి రాలే, నవ్వింది. బ్రిడ్జి లోపట తెల్లటి పేస్టు నింపి, మల్ల కూసోబెట్టి, జరసేపు కొరికి పట్టుమన్నది. గడ్డగట్టినంక తీసి, గా పేస్టు పొరను ఒలిసి నా చేతిల పెట్టింది. “సందెంతుంటె పొర గంత మందం. మీరే చెప్పుండ్రి ఇగ.”

ఏళ్లతోటి పట్టిన. ముంగట ఉల్లిపొర. ఎనక అట్టే! లైటుకు పెట్టి చూసి నోరు తెరిచింది ఆమె. “తాతా, నిజమే!”

“గా సందుల సిమెంట్ నింపరాదా?” అన్న.

“నింపితె అది కరుగుతది, అండ్ల తిండి ఇరికి లోపలి పన్ను పుచ్చుతది. గసొంటి పని నేను చెయ్య.” మల్ల అచ్చు తీసి పంపింది.

రెండోసారి ఒచ్చిన బ్రిడ్జి టక్కున కూసున్నది! పొర ఒలిసి చూస్తె అంతట ఒక్కతీరు. ఇగ సిమెంట్ పెట్టింది. నేనూ డాక్టరమ్మా నవ్వుడే నవ్వుడు, బయట కూసున్నోళ్లు తొంగి చూసిండ్రు.

తెల్లారే పెద్దపల్లికి రైలెక్కి, ఆడికెల్లి బస్సుల అక్కింటికి పోయిన. అక్క దర్వాజల నిలవడి, “ఎందుకొచ్చినవ్?” అన్నది.

“సకినాలున్నయా అక్కా?”

“నీ డాక్టర్ నూనెయి వద్దన్నడు గద!”

నోరు తెరిచిన. తంబాకు, అబద్ధం, అన్నీ చెప్పిన. నా గదువ పట్టి ఎండదిక్కు తిప్పింది, చిన్న పోరన్ని తిప్పినట్టు. ఏలు పెట్టి పన్ను కదిపి చూసింది. ఇగ నెత్తిమీద మొట్టికాయ! నాకు డెబ్బై ఏండ్లు బిడ్డా, మొట్టికాయ! ఇంట్లకు పోయి డబ్బా పట్కచ్చింది.

“ఇర్సుకొని తిను, మల్ల ఇరగ్గొట్టుకుంటవ్.”

కరకరా నమిలిన. గా సప్పుడు ఇని ఆమెకు ఏడుపు, నవ్వు ఒక్కసారే ఒచ్చినయ్. నాకు సకినం గొంతుల తట్టుకొని దగ్గు. ఆమె ఈపు నిమురుడు, తిట్టుడు, మల్ల ఇంకొకటి చేతిల పెట్టుడు!

ఇగ చాలు బిడ్డా. సల్లగ ఉండు, నోటినిండ నవ్వుకుంట బతుకు. మనసుల కష్టముంటె మాత్రం దాచకు, చెప్పెయ్. ఆగాగు, ఫోనొస్తుంది... అక్కనే. దినాం గీ యాల్లకే చేస్తది. ఆ, అక్కా! తిన్న తిన్న... ఏం గూరంటె...