కొత్తవాళ్లకి తేలిక

సామర్లకోట స్టేషన్ రోడ్డులో శుభలేఖలు వేసే కొట్టు అది. కంప్యూటర్లు నేర్పే మాస్టారు, పోస్టులో తెప్పించిన ఉబుంటు సీడీని కొట్టు పెద్దాయన ముందు పెట్టాడు.

“విండోస్‌కి బదులు ఎక్కించుకునే లినక్సుల్లో కొత్తవాళ్లకి ఇదే తేలిక, బాబాయిగారూ. పైగా ఉచితం. కాపీ విండోస్ అని కాకినాడలో పోలీసులు కంప్యూటర్లు ఎత్తుకెళ్తున్నారు కదా, ఇదుంటే మీ జోలికి ఎవరూ రారు.”

“ఇందులో కార్డులు తయారుచేసే పేజ్‌మేకర్ ఉంటుందా మాస్టారూ?”

“ఉండదండి. అలాంటిదే వేరేది ఉంది.”

“దాంట్లో చేసి దాచుకున్న నా పాత కార్డులు?”

“తెరుచుకోవండి. తెలుగు టైపు కూడా మళ్లీ నేర్చుకోవాలి. స్పీడు రావాలంటే మూడు నెలలు.”

“శ్రావణం పదకొండు రోజుల్లో ఉందండి. ఏడాదికి నాకు అదే పంట.”

“పోనీ, అసలు విండోసే కొనేయండి.”

“కొనగలిగితే మిమ్మల్ని ఎందుకు పిలుస్తాను? పన్నెండో ఏట సీసం అక్షరాలు పేర్చడం నేర్చుకున్నాను. నలభయ్యో ఏట వాటిని తూకానికి అమ్మేసి ఈ కంప్యూటర్ నేర్చుకున్నాను. పాతవాళ్లకి తేలికైంది ఏదన్నా ఉందా మాస్టారూ?”

“లేదండి.”

“అయితే ఎక్కించేయండి, కంప్యూటరన్నా దక్కుతుంది; మూడోసారి నేర్చుకునే ఓపిక నాకు లేదు. ఉండండి, ముందు ఆ వేట్లపాలెం వాళ్ల కార్డు ప్రింటు తీసుకోనివ్వండి. ఈ కొట్లో ఆఖరి శుభలేఖ అదే.”