సోమలింగం మార్పిచ్చుకున్న కార్డు

ఆ మాస్కు జర కిందికి గుంజు బిడ్డా, నువ్వు మాట్లాడేది సగమే ఇనవడ్తది. ఆఁ, గిప్పుడు మొఖం కనవడ్డది. అచ్చం మీ తాత ముక్కే. ఏందీ, ఆయనకు ఇక్కడ ఇంకో సంసారం ఉండెనా అని అడుగుతున్నవా? మీ నాయినమ్మ అడగమన్నదా? బాలవ్వ అట్లనే అంటది తియ్, ఆమె తప్పేం లేదు. డెబ్బై ఏండ్ల ముసలోడు ఊర్ల ఉన్న ఆధార్ కార్డు సూరత్‌కు మార్పిచ్చుకొని, రాషన్ల పేరు, నేతోళ్ల పింఛన్ అన్నీ పోగొట్టుకున్నడంటే ఎవలైనా గదే అనుకుంటరు. సంసారం లేదు, పాడు లేదు వినోదా. ఒక్క రూంల ఆరుగురం పడుకునేటోళ్లం. ఈ సూరత్‌ల ఖటోదరా బస్తీల ఒక్క కార్ఖానల మగ్గాలు నడిపినం నేనూ సోమలింగం. ఆయన గురక ఎట్లుంటదో మీ నాయినమ్మ కంటె నాకే ఎక్కువ ఎరుక.

అసలు ముచ్చట రేవుది. మా రూం ఎనక తాపీ నది ఒడ్డుకు పాత రాతి మెట్లు సూసినవు గదా, ఇక్కడోళ్లు ఓవారా అంటరు. పడవలల్ల సరుకు దించిన కాలంనాటివట. మన ఆడోళ్లు నవాగామ్ బస్తీ నుంచి ఆటోలల్ల వచ్చి బతుకమ్మను నీళ్లల్ల ఇడిసేది ఆడనే. తంగేడు దొర్కదు, బంతిపూలతోనే పేరుస్తరు, అయినా బతుకమ్మ బతుకమ్మనే. మీ తాత ఏటా పండుగకు ఒక్కరోజు ముందుగాల పోయి మెట్ల మీది పాచి గీకేటోడు, ఆడివిల్లలు జారిపడొద్దని. కొబ్బరి పీసు పట్టుకొని కూసుంటే మేం నవ్వేటోళ్లం, 'ఏందయ్యా, మున్సిపాలిటోళ్లు జీతమిస్తున్నరా' అని. 'నీ పెండ్లాం వస్తే నీకు ఎరుకైతది మొండయ్యా' అనేటోడు. నా పెండ్లాం ఏడొచ్చింది, ఆమె వేములవాడ దాటి రాలే. ఆఁ, ఏం చెప్తున్న?

కరోనా వచ్చి అన్నీ బందయితే మేమందరం రైలెక్కి ఊరికి పోయినం, మీ తాత రాలే. దసరాకు తిరిగొచ్చి సూస్తే మెట్లకు రేకులు అడ్డం కొట్టిండ్రు. ఇరవై రెండంతస్తుల బిల్డింగట, మెట్లు తీసి కాంక్రీటు గోడ కడ్తరట. పక్కింటి హంసాబేన్, బళ్లె పంతులమ్మగ చేసిన గుజరాతీ ముసలమ్మ, మెట్లు తియ్యొద్దని గల్లీ గల్లీ తిరిగి దస్కతులు పట్టింది. మేం ఊకుంటమా? మూడు వందల పన్నెండు మందిమి పెట్టినం, ఆధార్ జిరాక్సులతోని సహా. ఆడనే బోల్తా కొట్టినం. ఏ కార్డు సూడు, సిరిసిల్ల, వేములవాడ, కరీంనగర్. మనోడు ముప్పై ఏండ్లు ఈడ బతికినా కార్డు మాత్రం ఊర్లనే ఉండాలె గదా, ఓటుకు, పింఛన్‌కు. సర్కారాఫీసుల సాబు ఆ కట్టను ఇట్ల పక్కకు నూకి, 'యే లోగ్ తో బాహర్ కే హై, ఇన్ కా తాపీ సే క్యా' అన్నడు, బయటోళ్లకు తాపీతోని ఏం పని అని. మూడు వందల పన్నెండు మందిమి ఒక్క నిమిషంల లేనోళ్లమయినం. హంసాబేన్ ఇడిసిపెట్టలే. 'తమారామాంథీ ఏక్ జణ్, బస్ ఏక్', మీల ఒక్కడు సాలు అని ఏలు సూపించింది. సూరత్ కార్డున్న తెలుగోడు ఒక్కడు నిలవడి, ఇది మా పండుగ రేవు అని చెప్తే సాలు. మా మాట చెప్పుకునేటందుకు ఆఫీసోళ్లు ఇచ్చిన గడువు ముప్పై రోజులు.

మీ తాత ఆధార్ ఆఫీసుకు పోయిండు. రూం మాలిక్ తోని చిట్టి రాయించుకొని కార్డు మార్పిచ్చుకున్నడు. ఇగ పింఛన్ బందయింది. బాలవ్వ ఫోన్ల తిట్టిన తిట్లు నాకు పక్క మంచం దాక ఇనవడ్డయి. 'ఎవతె అది? పేరు చెప్పు!' ఈయన ఫోన్ పెట్టేసిండు. 'అసలు ముచ్చట చెప్పరాదయ్యా' అని నేనంటే, 'చెప్తే ఏడుస్తది, ఆమె ఏడిస్తే నేను మళ్ల మార్పిచ్చుకుంట' అన్నడు. విచారణ హంసాబేన్ మొబైల్లనే అయింది, కరోనా గదా, వీడియోల అందరు చిన్న చిన్న డబ్బలల్ల కనవడుకుంట. సాబు అడిగిండు, 'కహా కే హో?', ఏ ఊరోనివి అని. నలభై ఏండ్లల ఎవలడిగినా, చాయ్ బండోడు అడిగినా, సిరిసిల్ల అనేటోడు బిడ్డా. ఆనాడు గొంతు సవరించుకొని, 'సూరత్ కా హూ సాహెబ్' అన్నడు. పక్కన కూసున్న నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

మెట్లు ముట్టొద్దని కాయితం ఉగాది ముందట వచ్చింది. ఉగాది అయినంక పది రోజులకు రెండో కరోనా ఆయన్ను పట్టుకపోయింది. మిమ్ముల రానియ్యలే. బూడిద ఆ మెట్ల కాడనే కలిపిన. ఇప్పుడు పాచి గీకేది నేనే, మోకాళ్లు లేస్తలెవ్వు. గిదంత నాయినమ్మకు చెప్పు. ఇంకోటి గూడ చెప్పు... ఆగు. హంసాబేన్ ముందుగాల అడిగింది మీ తాతను కాదు. నన్ను. హిందీ నాకే మంచిగొస్తది గదా. నేను ఎల్లుండి అన్న, ఆయితారం అన్న, ఇరవై రోజులు గట్లనే ఎల్లదీసిన. పింఛన్ పోతదని బుగులు. మీ తాత ఒక్కసారి నా మొఖం సూసి చెప్పులేసుకున్నడు. నా పింఛన్ మొన్న గూడ వడ్డది...

చాయ్ తాగు బిడ్డా, సల్లారుతది.