పొగ లేని పొయ్యి

హిందూపురంలో పట్టుగూళ్లు ఉడకబెట్టి దారం తీసే ఇద్దరు ఇరుగుపొరుగువాళ్లు గోడకు చెరోవైపు నిలబడ్డారు.

“ఏమప్పా, వారం నుంచి నీ గొట్టంలో పొగే లేదు. గూళ్లు దొరకలేదా?”

“దొరికినాయి. పొయ్యి మండుతానే ఉండాది.”

“పొగ లేకుండా యాడ మండుతాదప్పా? నాది చూడు, పరిగి రోడ్డు దాకా కనబడతాది.”

“చూస్తానే ఉండా. ఆ పోయేదంతా సరిగా కాలని కట్టెనే. నేను పచ్చికట్టె మాని ఎండుది వేసి, అడుగున గాలికి సందు పెడితి. సగం కట్టెకే గూళ్లు ఉడుకుతాండాయి.”

“సగమా? పదేండ్లుగా నా పొగ చూసి నువ్వు కుళ్లుకుంటాండావని సంబరపడితి గదప్పా.”

“కుళ్లుకుంటి. నీ మాదిరి పొగ ఎట్ల లేపాలో కనుక్కునేకి పోతేనే కదా, ఈ సంగతి తెలిసింది.”