లేపి పట్టండి

మెల్లగానా? నన్ను మెల్లగా మాట్లాడమంటావేంట్రా? కండక్టరుగా బస్సులో వెనక సీటు దాకా వినపడేలా అరిచి అరిచి పండిపోయిన గొంతు ఇది, ఈ వయసులో తగ్గించమంటే ఎక్కడ తగ్గుతుంది. సరే సరే, కళ్ళెర్రజేయకు. పాప పడుకుందంటావు, అంతేగా? పొద్దున నేనొచ్చినప్పుడూ పడుకునే ఉంది, ఇందాక టీ తాగినప్పుడూ పడుకునే ఉంది. బరువేమన్నా పెరిగిందా? పెద్దగా లేదా. అదే, నీ మొహం చూస్తేనే తెలుస్తోంది. నర్సు ఏమంది మరి? ఏంటీ? లేపి పట్టమందా? అచ్చంగా ఆ మాటే అందా, లేపి పట్టండి అని? నవ్వుతున్నానని ఏమీ అనుకోకు నాయనా. నీ కూతుర్ని చూసి కాదు, ఆ మాట విని నవ్వొచ్చింది. ఆ మాట ఒకప్పుడు మనింట్లో ఎంత పని చేసిందో తెలిస్తే నువ్వూ నవ్వుతావు. ఇలా వచ్చి కూర్చో. ఆ కుర్చీ వద్దు, కిర్రుమంటుంది, నీ ప్రాణం పోతుంది మళ్ళీ. బల్ల మీద కూర్చో.

మా అన్నయ్యని, అంటే మీ పెద్దతాతని, నువ్వు చూళ్ళేదు, నువ్వు పుట్టేసరికే పోయాడు. ఫొటోలో చూసుంటావు, ఒక కంటికి నల్ల డొప్పలాంటి భూతద్దం తగిలించుకుని ఉంటాడు, ఆయనే. వాచీలు బాగుచేసేవాడు. ఇంటి ముందుగదే షాపు. ఆయన పనంతా వెంట్రుకంత స్ప్రింగులతోనూ, గింజంత కూడా లేని మరలతోనూ. ఎవరైనా తలుపు ధడాల్న వేశారనుకో, ఉలిక్కిపడి చెయ్యి కదిలేది, స్ప్రింగు ఎగిరి ఎటో పడేది. ఇక ఇంటిల్లిపాదీ మోకాళ్ళ మీద పాకుతూ వెతకడమే, అదీ ఊపిరి బిగబట్టి. ఊపిరి తగిలితే అదింకా దూరం పోతుందని భయం. అందుకని ఆయన నోట్లోంచి రోజంతా వచ్చే మాట ఒకటే, ఉష్. వీధిలో ఆయన పేరే ఉష్ గారు అయిపోయింది. ‘ఉష్ గారింటి పక్క సందు’ అంటే పోస్టుమాన్‌కి కూడా తెలుసు. తలుపులకి పాత గుడ్డలు చుట్టించాడు చప్పుడు కాకుండా. మా అమ్మ మమ్మల్ని తిట్టడం కూడా గుసగుసగానే తిట్టేది. గుసగుసగా తిట్టించుకోవడం ఎంత కష్టమో నీకు తెలీదు, ఏం తిడుతోందో వినపడాలంటే మళ్ళీ దగ్గరికెళ్ళి చెవి పెట్టాలి. ఇక నా సంగతి చెప్పాలా? పొద్దంతా రైట్ రైట్ అని అరిచొచ్చి, గడపలో చెప్పులతో పాటు గొంతు కూడా విడిచి లోపలికి పోయేవాణ్ణి.

ఏం చెప్తున్నా? ఆఁ, పాప. అన్నయ్యకి కూతురు పుట్టింది. చాలా ఏళ్ళు ఎదురుచూశాక పుట్టింది. ఇంటికి తీసుకొచ్చారు, ఒకటే నిద్ర. ఏడవదు, మారాం చెయ్యదు. మా అన్నయ్య మురిసిపోయాడు. భూతద్దం తీయడం కూడా మర్చిపోయి వెళ్ళి ఉయ్యాల్లోకి తొంగిచూసేవాడు. “చూశావురా, ఎంత బుద్ధిమంతురాలో, అచ్చం నా పోలికే” అనేవాడు. అందరిదీ అదే మాట. చూడొచ్చిన వాళ్ళందరూ గుమ్మంలోనే గుసగుసగా “బుద్ధిమంతురాలు, బుద్ధిమంతురాలు” అని, కాలివేళ్ళ మీద నడిచి వెళ్ళిపోయేవాళ్ళు. ఎదురుగా రేకుల మేస్త్రి ఉండేవాడు, డబ్బాలూ గరాటులూ చేసేవాడు. మా అన్నయ్యకీ ఆయనకీ జన్మలో పడలేదు, ఈయన నిశ్శబ్దం ఆయన సుత్తితో ఎలా వేగుతుంది చెప్పు. అట్లాంటి వాడు, పాప పడుకుందని తెలిసి సుత్తికి గుడ్డ చుట్టుకుని పని చేశాడ్రా! అంత మంచి వీధి మాది. అందరం కలిసి ఆ పిల్లని హాయిగా నిద్రపుచ్చుతున్నాం. కడుపు మాడ్చి నిద్రపుచ్చుతున్నామని ఒక్కరికీ తట్టలేదు.

మా వదినకి తట్టింది. వదినది గోల గోలగా ఉండే పెద్ద సంసారం, వాళ్ళింట్లో ఒకరి మాట పూర్తయ్యేలోగా నలుగురు మాట్లాడతారు. పసిపిల్లలంటే ఇల్లు పీకి పందిరేస్తారని తెలుసు ఆవిడకి. పాపని రొమ్ముకి ఆనిస్తే ఏదో రెండు సార్లు చప్పరించడం, పెదవులు అలాగే వదిలేసి నిద్రలోకి జారుకోవడం. ఈవిడకి రొమ్ములు రాయిలా గట్టిపడి జ్వరం వచ్చినట్టుండేది. “ఇదేం నిద్రండీ?” అంటే, మా అమ్మ “కడుపు నిండిందమ్మా, నిండితేనే పడుకుంటారు” అని గుసగుసగా తేల్చేసేది. ఒకరోజు పెరట్లో నిలబడి బట్టల తీగ కేసి అలా చూస్తోంది. ఏంటొదినా అన్నాను. “మా అక్క పిల్లలకి తీగ నిండా తడి గుడ్డలే ఉండేవి, ఇక్కడ ఎన్ని ఉన్నాయో చూడు” అంది. చూశాను. తీగంతా ఖాళీ. పాలు లోపలికి పోతేగా తడపడానికి! ఆవిడ కళ్ళల్లో నీళ్ళు. నా పాలు మంచివి కావేమో, ఇది నాకు దక్కదేమో అంది. అట్లాంటి మాట అనకొదినా అని ఒకటే కేకేశాను. లోపల్నించి ఉష్ అని వినిపించింది.

మర్నాడే ఆస్పత్రికెళ్ళారు, వదినా అమ్మా. నర్సు తూకం వేసి, పుట్టినప్పటి బరువు కూడా లేదంది. అక్కడ జనం కిటకిట, ఆవిడ ఒక చేత్తో ఇంకో పిల్లని తూస్తూ, “నిద్ర ఎక్కువగా ఉందమ్మా ఈ పిల్లకి, గంటగంటకీ చూసుకుని లేపి పట్టండి” అందట. అంతే. వదిన పాపకి బట్టలు తొడిగే హడావుడిలో ఉంది, వినలేదు. విన్నది మా అమ్మ. ఇంటికొచ్చి షాపు గుమ్మంలో నిలబడి, చాలా ముఖ్యమైన రహస్యంలాగా చెప్పింది, “పాపని లేపి పట్టమన్నారు” అని. నువ్వయితే ఏమనుకుంటావు? నిద్ర లేపి పాలు పట్టమని అనుకుంటావు. నీకు ముందే తెలుసు కాబట్టి. మా ఇంట్లో నిద్రపోయే పిల్లని లేపడం అనేది ఎవరికీ ఊహకే అందని పని. అన్నయ్య కాస్త ఆలోచించి, “లేపి పట్టుకోవాలన్నమాట. పడుకోబెట్టకూడదు, నిలువుగా ఎత్తి పట్టుకోవాలి. పాలు కిందికి దిగడానికి” అన్నాడు. వాచీ విప్పినంత నమ్మకంగా చెప్పాడు, ఇక ఎవరు కాదంటారు? వదిన కూడా సరే అంది, డాక్టర్లు చెప్పిందేగా అని.

ఇక చూడు. పాపని లేపి పట్టడం మొదలుపెట్టాం. అమ్మ భుజం మీద కాసేపు, అన్నయ్య భుజం మీద కాసేపు, నేను డ్యూటీ దిగొస్తే నా భుజం మీద. రేకుల మేస్త్రి భార్య కూడా వచ్చి, “నేను కాస్త లేపి పడతాను, మీరు భోంచేయండి” అనేది. పాల వేళకి వదిన దాన్ని నిటారుగా నిలబెట్టినట్టు పట్టుకుని ఆనించేది, అది చప్పరిస్తూ చప్పరిస్తూ నిలువునా నిద్రపోయేది. భుజం మీద వెచ్చగా ఉంటే ఇంకా ఎందుకు లేస్తుంది? మనమైనా లేవం. అది మరీ హాయిగా నిద్రపోయింది, మా భుజాలు మాత్రం పడిపోయాయి.

మళ్ళీ తూకానికి ఈసారి అన్నయ్య కూడా వెళ్ళాడు, సెలవు రోజని నేనూ తోడెళ్ళాను. బరువు ఏమీ పెరగలేదు. నర్సు “లేపి పట్టమన్నాను కదమ్మా, పడుతున్నారా?” అంది. మా అమ్మకి రోషం వచ్చింది, గుసగుస మర్చిపోయి, “పట్టకేం తల్లీ! ఒక్క క్షణం దించితే ఒట్టు. ఇదిగో, చూడు మా వాడి భుజం” అంది. నర్సుకి అర్థం కాలేదు. “ఎలా లేపుతున్నారో చూపించండి” అంది. మా అన్నయ్య పాపని రెండు చేతులతో, గాజుబొమ్మని ఎత్తినట్టు ఎత్తి, భుజానికి ఆనించుకుని, “ఇలా” అన్నాడు. ఆవిడ నవ్వుతుందేమో అనుకున్నా. నవ్వలేదు. కుర్చీలో కూర్చుని, “అయ్యా, నాదే పొరపాటు, విడమరచి చెప్పలేదు. పైకి లేపడం కాదు, నిద్ర లేపడం” అంది. మా అన్నయ్య మొహం చూడాలి. “నిద్ర లేపాలా?” అన్నాడు. ఎంత దిగులుగా అన్నాడంటే, తన కూతురికి సూది పొడవమన్నట్టు.

డాక్టరమ్మ కూడా చూసింది. జబ్బేం లేదు, తల్లికి పాలు పుష్కలంగా ఉన్నాయి, పిల్ల తాగడం లేదు, తాగకపోతే నీరసం, నీరసానికి ఇంకా నిద్ర. ఏడుస్తుందని ఎదురుచూడకండి అంది. ఈసారి తూకానికి బరువు రాకపోయినా, అసలు లేవకపోయినా వెంటనే తెచ్చి చేర్చాలి అంది. తర్వాత నర్సు వదినని పక్కన కూర్చోబెట్టి అన్నీ చూపించింది. చుట్టిన గుడ్డలన్నీ తీసేసి ఒట్టి ఒంటితో గుండెకి ఆనించుకోవాలి. అరికాలు గిల్లినట్టు రుద్దాలి. మధ్యలో గుడ్డ మార్చి రెండో వైపు పట్టాలి. చప్పరింపు ఆగితే రొమ్ము మెల్లగా నొక్కాలి. అప్పటికీ తాగకపోతే పాలు పిండి చెంచాతో పోయాలి. చివరికి ఒకటి చెప్పింది, “నోరాడితే తాగినట్టు కాదమ్మా. గుటక వినపడాలి.” ఇది గుర్తుపెట్టుకో, దీని దగ్గరికే వస్తున్నా.

ఇంటికొచ్చాక అన్నయ్య ఏం చేశాడనుకున్నావు? షాపులో ఉన్న అలారం గడియారాలన్నీ తెచ్చి ఉయ్యాల చుట్టూ పెట్టి మోగించాడు! నవ్వకు, నిజం. మనిషిని నిద్ర లేపడమంటే ఆయనకి తెలిసింది అదే మరి. రేకుల మేస్త్రి దగ్గరికెళ్ళి, “అయ్యా, కాస్త గట్టిగా కొట్టండి” అని బతిమాలుకున్నాడు. ఆయన వెటకారం చేస్తున్నాడనుకుని పోట్లాటకి వచ్చాడు. చివరికి నా దగ్గరికొచ్చి, “ఒరేయ్, నీ గొంతు కాస్త వాడరా” అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక మా అన్నయ్య నన్ను గట్టిగా మాట్లాడమనడం అదే మొదలు. నేను ఉయ్యాల పక్కన నిలబడి, “దిగేవాళ్ళు దిగండి, రైట్ రైట్” అని అరిచాను. పాప కదల్లేదు. వదిన నవ్వింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆవిడ నవ్వడం అదే మొదటిసారి. “మీరందరూ బయటికి నడవండి. ఇక మీదట దీన్ని బుద్ధిమంతురాలు అన్నవాళ్ళని ఈ గదిలోకి రానిచ్చేది లేదు. నాకు అల్లరిది కావాలి” అని కర్టెన్ లాగేసింది.

అరికాలు రుద్దడం అన్నయ్య వల్ల కాలేదు. ఏడుపు మొహం పెట్టేవాడు. అదంతా వదినే చేసేది. మరి ఈయన చేసిందేంటంటే, కర్టెన్‌కి ఇటువైపు స్టూలు వేసుకుని కూర్చుని వినేవాడు. వాచీ చెవి దగ్గర పెట్టుకుని నడక పట్టే చెవులు కదా అవి! మాకు ఎవరికీ వినపడని గుటక ఆయనకి వినపడేది. “ఆగింది” అనేవాడు ఇటునుంచి. అటు వదిన నొక్కేది, కాలు రుద్దేది, గుడ్డ మార్చేది. “ఆఁ, నడుస్తోంది, నడుస్తోంది” అనేవాడు. వాచీ భాషే. మళ్ళీ ఇల్లంతా ఉష్, కానీ ఈ ఉష్ వేరు. ఇదివరకు పాప నిద్ర చెడకూడదని, ఇప్పుడు పాప గుటక వినపడాలని. మా అమ్మ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయేది. నేను చొక్కా సగం విప్పి ఆగిపోయేవాణ్ణి. గుటక పడితే మా అందరికీ తాగినట్టుండేది. పగలూ రాత్రీ అంతే. మధ్యలో నీరసపడ్డ రోజులున్నాయి, చెంచాతో పోసిన రోజులున్నాయి. వదిన మాత్రం పట్టు వదల్లేదు. మెల్లమెల్లగా బట్టల తీగ నిండింది. తూకంలో ముల్లు కదిలింది. బరువు పెరిగిందని నర్సు, గదిలో ఉన్న తల్లులందరికీ వినపడేలా చెప్పింది.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. ఒక మధ్యాహ్నం అన్నయ్య సన్న పట్టకారుతో స్ప్రింగు పట్టుకుని వాచీలో దించబోతున్నాడు. లోపల్నించి కెవ్వుమని కేక. ఎవరూ లేపలేదు, తనంతట తానే లేచి, ఆకలేస్తోందని అరిచింది. ఇల్లదిరిపోయింది. స్ప్రింగు ఎగిరి ఎటో పోయింది. మేమందరం అలవాటుగా మోకాళ్ళ మీదికి దిగబోయాం. అన్నయ్య వద్దన్నట్టు చెయ్యూపాడు. ఖాళీ పట్టకారు అలాగే పట్టుకుని కూర్చున్నాడు, భూతద్దం లోంచి నీళ్ళు కారుతున్నాయి. “ఎంత గొంతురా దానికి” అన్నాడు. ఎవరనుకున్నావు ఆ పిల్ల? మీ పెద్దత్త. అవును, ఆవిడే! ఫోన్ ఎత్తగానే చెవికి మూరెడు దూరం పెట్టుకుంటావే, ఆ పెద్దత్తే. పెళ్ళయ్యేదాకా ఆ షాపు గదిలోనే గెంతింది, పాడింది, పోట్లాడింది. మా అన్నయ్య పోయేదాకా ఊళ్ళో అందరినీ ఉష్ అన్నాడు. నన్నయితే ఆఖరి రోజున కూడా అన్నాడు. దాన్ని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు.

అందుకని నాయనా, నన్ను కాదు నువ్వు... ఆగు. ఏంటది? లేచిందా? మీ ఆవిడ లేపిందా? మంచిది. ఏడుస్తోందే, బాగానే ఏడుస్తోంది, ఏడవనీ. నువ్వెందుకు కంగారు పడతావు. అదిగో, ఆగింది. రొమ్ము పట్టినట్టుంది. లే, ఆ తలుపు దగ్గరికెళ్ళు. లోపలికి కాదు, ఇటువైపే నిలబడు. ఉష్. నా చెవులు ఎప్పుడో పోయాయి, నువ్వు విని చెప్పు. పడుతోందా గుటక?