మారెప్ప ఈటెకు పట్టిన గొలుసు

1934 జూలై రెండవ తేదీన ధర్మవరం తాలూకా కచేరీలో సర్వే గొలుసు చేతపట్టిన శ్రీ చెన్నకేశవులు గారు ఈ నెల ముప్పయ్యో తేదీన పెనుకొండలో దానిని దించుతున్నారు.

ధర్మవరంలో పదకొండేళ్లు, హిందూపురంలో పన్నెండేళ్లు, ఇక్కడ పదేళ్లు. వారి కొలతపై ఫిర్యాదు చేసిన రైతులు లేకపోలేదు. మళ్లీ కొలిపించుకొని, మజ్జిగ ఇచ్చి పంపినవారూ వారే. కచేరీ ఆవరణలోని రెండు కొలతరాళ్ల నడుమ గొలుసును సరిచూడనిదే వారు బయలుదేరరు. ఒక్కసారి బయలుదేరారు.

రాతిపనిలో పడి నడుము కింద చచ్చుబడిన మారెప్ప, చక్రాల కుర్చీలోంచి ఈటె విసురుతాడు. అటువంటి క్రీడాకారులకై వెలసిన అంతర్జాతీయ సంఘం, తన పోటీల జాబితాకెక్కడానికి అన్ని దేశాలకూ ఒకటే నియమం పెట్టింది: కుర్చీ నుండి లేవరాదు, పద్దెనిమిది మీటర్లు దాటాలి, ప్రభుత్వ సర్వేయరు సంతకం చేయాలి. 1965లో ఒక ఆదివారం, కచేరీకి తాళం ఉండగా, గొలుసు సరిచూడకనే చెన్నకేశవులు గారు కొలిచారు. నాలుగంగుళాలు దాటింది. సంతకమైంది, పత్రం టపాలో వెళ్లింది.

సోమవారం సరిచూస్తే, లింకులు వంగి గొలుసు తొమ్మిది అంగుళాలు తగ్గి ఉంది! అంటే ఈటె నిజానికి పద్దెనిమిది మీటర్లు దాటనే లేదు.

"జానెడే కదన్నా. ఆ దొరల సీమలో కూర్చున్నోళ్లకు మన గొలుసు కనపడతాదా?" అన్నాడు గుమాస్తా సంజీవప్ప.

"కనపడదప్పా. అందుకే మనమే చెప్పల్ల."

కొలత చెల్లదని తంతి ఇచ్చి, ఆ సంగతి తామే వెళ్లి మారెప్పకు చెప్పారు. అతడి పేరు జాబితాకు ఎక్కలేదు. "నా ఈటెను వెనక్కి గుంజితివి కదయ్యా," అని మారెప్ప మొహం తిప్పుకున్నాడు. అయినా ప్రతి ఆదివారం, సరిచూసిన గొలుసుతో వీరు వెళ్లేవారు. అతడి భార్య లక్ష్మక్క మంచినీళ్లిచ్చేది. మారెప్ప విసిరేవాడు, మాట్లాడేవాడు కాడు. వారి శ్రీమతి శ్యామలమ్మ గారికి రెండేళ్లపాటు ఆదివారం భోజనం సాయంత్రమే.

ఈ నెల నాలుగున ఈటె దూరంగా దిగింది. కొలిచారు, ఆరంగుళాలు దాటింది. అప్పుడు మారెప్ప నోరు విప్పాడు.

"ఇంగోసారి కొలువయ్యా. నీ పేరు మళ్లా చెడకూడదు."

రెండోసారీ ఆరంగుళాలే. ఉద్యోగంలో వారి చివరి సంతకం ఆ పత్రం మీదే పడింది.

పై ఏడు సంతకం కొత్త సర్వేయరుది కావచ్చు గాని, గొలుసు మాత్రం ఈయనే పట్టాలని మారెప్ప మాకు కబురు పంపాడు. ఆ మాట నిలబెట్టే ఆరోగ్యం, ఇంకెన్నో ఆదివారాలు మైదానం చివరిదాకా నడిచే ఆయుష్షు శ్రీ చెన్నకేశవులు గారికి కలగాలని, శ్యామలమ్మ గారికి మాత్రం మధ్యాహ్న భోజనం వేళకు దక్కాలని మా అందరి కోరిక.